అడవి విడిదికీ పథ్యం ఉంది

మందు ఎంత ఉత్తమమైనదైనా పథ్యం తప్పితే ఫలించదన్న సంగతి ఆయుర్వేదంతో పరిచయమున్న ప్రతి కుటుంబానికీ తెలిసినదే. అయితే ఈ నియమం చూర్ణాలకు, లేహ్యాలకు మాత్రమే పరిమితమని చాలామంది భావిస్తారు. గాలి మార్పు కోసం అడవి అంచున చేసే రెండు మూడు రోజుల విడిదికి కూడా ఇది సంపూర్ణంగా వర్తిస్తుంది. మధ్యతరగతి కుటుంబాలు దూరపు వేసవి విడిదులకు బదులు దగ్గరలోని అటవీ కుటీరాలలో బస చేయడం నేడు పెరిగింది. ఇది సంతోషించదగిన మార్పే. కాని పట్నపు అలవాట్లన్నిటినీ మూటగట్టుకుని అడవికి వెళ్ళి, అర్ధరాత్రి వరకు మేలుకొని, దొరికినదల్లా తిని, తిరిగి వచ్చిన తరువాత జ్వరంతో మంచం పట్టి, అడవి గాలి తమకు పడలేదని చెప్పేవారూ ఉన్నారు. పడనిది గాలి కాదు, తప్పినది పథ్యం.

వరంగల్ జిల్లా నెక్కొండ వంటి ఊరిలో నివసించేవారికి ఈ విషయం మరింత సన్నిహితమైనది. కాజీపేట - విజయవాడ రైలుమార్గంలోని ఈ స్టేషనులో దిగి చూస్తే కనుచూపు మేర పత్తి, మిరప, మొక్కజొన్న చేలే కనిపిస్తాయి. పురుగుమందులు చల్లే రోజులలో ఆ గాలి ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. నర్సంపేట మీదుగా బయలుదేరితే పూట గడవకముందే పాకాల చెరువు కట్ట మీద నిలబడవచ్చు. చేలు ముగిసి అడవి మొదలయ్యే ఆ మార్పు ముక్కుకే ముందుగా తెలుస్తుంది.

ఇక్కడ ఒక వివరం చెప్పాలి. పాత వరంగల్ జిల్లాలో జాతీయ ఉద్యానవనం లేదు. తెలంగాణలోని మూడు జాతీయ ఉద్యానవనాలైన కాసు బ్రహ్మానందరెడ్డి, మృగవని, మహావీర హరిణ వనస్థలి హైదరాబాదు నగరంలోను, దాని అంచునను ఉన్నాయి. మనకు దగ్గరలో ఉన్నవి అభయారణ్యాలు. సుమారు 860 చదరపు కిలోమీటర్ల పాకాల అభయారణ్యం 1952లో ఏర్పడింది. దానికి ఆవల, గోదావరి వైపు, ఏటూరునాగారం అభయారణ్యం విస్తరించి ఉంది. జాతీయ ఉద్యానవనంలో కట్టుబాట్లు మరింత కఠినమైనవి గాని, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రెంటికీ ఒకటే. అతిథిగా వెళ్ళేవారు పాటించవలసిన మర్యాదలో భేదం లేదు.

పాకాల చెరువు వద్దనే కాక, ఏటూరునాగారం అడవిలో తాడ్వాయి వద్ద కూడా బస ఉంది. వరంగల్ నుంచి ములుగు మీదుగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో అటవీశాఖవారి కుటీరాలు చెట్ల నడుమ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ తరహా బసకు తలకోన మంచి ఉదాహరణ. 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనపు ఒడిలో, 270 అడుగుల జలపాతానికి సమీపంలో, నెరబైలు గ్రామస్థుల వన సంరక్షణ సమితి అటవీశాఖతో కలిసి అతిథి గృహాలను నడుపుతూ వచ్చింది. నల్లమలలోని బైర్లూటి, పచ్చెర్ల విడిదులూ, మారేడుమిల్లిలోని వనవిహారి కూడా ఈ కోవకు చెందినవే. ఎక్కడికి వెళ్ళదలచినా గదులు తెరిచి ఉన్నవో లేవో ముందుగా అటవీశాఖ కార్యాలయంలో విచారించుకోవడం మంచిది.

ఏది పర్యావరణహితమైన బస?

గోడకు ఆకుపచ్చ రంగు వేసి, గుమ్మానికి వెదురు చాప కట్టినంత మాత్రాన ఏ హోటలూ అటవీ విడిది కాజాలదు. గదుల సంఖ్య తక్కువగా ఉండాలి. వంటవారు, దారి చూపేవారు చుట్టుపక్కల గూడేలవారై ఉండాలి. రాత్రి దీపాలు మందంగా, అవసరమైనంత మేరకే వెలగాలి. మైకులు, బాణాసంచా ఉండరాదు. చలిమంట పేరుతో అడవి కట్టెను గుట్టలుగా తగులబెట్టే చోటు ఎంత అందంగా ఉన్నా అది అడవికి హితమైనది కాదు. భోజనం మోదుగాకు విస్తరిలో పెడితే సంతోషం, ప్లాస్టిక్ పళ్ళెంలో పెడితే మాత్రం మొహమాటపడక అడగాలి. వంటగది వెనుకకు వెళ్ళి చెత్త ఎక్కడికి పోతున్నదో చూసివచ్చే గృహిణి, ఆ బస ఎటువంటిదో యజమానికన్నా బాగా చెప్పగలదు!

చెత్త సంగతి ఆరోగ్యానికి సంబంధించినది కాదని అనుకోరాదు. వంటగది వ్యర్థాల చుట్టూ ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. పారవేసిన కప్పులలో, టైర్లలో వాననీరు నిలిచి దోమలు పెరుగుతాయి. బిస్కెట్లకు అలవాటుపడిన కోతి మరునాడు పిల్లవాని చేతిలోని పొట్లం లాక్కోబోయి గీరుతుంది. కోతి గాటుకు పసుపు అద్ది ఊరుకోరాదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంట కడిగి, వెంటనే ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకోవాలి.

దేశము, కాలము

చరక సంహిత కల్పస్థానంలో భూమిని మూడు విధాలుగా విభజించి చెప్పారు. నీరు తక్కువై, ఎండ గాలి ఎక్కువగా ఉన్నది జాంగల దేశం. అక్కడ వాతం ప్రబలం. నీరు, చెమ్మ, దట్టమైన చెట్లు ఉన్నది ఆనూప దేశం. అక్కడ కఫం ముఖ్యంగా ప్రకోపిస్తుంది. రెండు లక్షణాలూ కలిసినది సాధారణ దేశం. బస ఎంచుకునేటప్పుడు ఈ విభాగం ఎంత ఉపకరిస్తుందో మనవారు సాధారణంగా ఆలోచించరు.

పాకాలనే చూడండి. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దపు తొలి దశకాలలో గుట్టల నడుమ కట్ట వేసి నిర్మించిన ఈ చెరువు సుమారు 30 చదరపు కిలోమీటర్లు పరచుకుని ఉంది. చుట్టూ ఉన్నది ఎండకాలంలో ఆకు రాల్చే పొడి అడవి. టేకు, నల్లమద్ది, తపసి, మోదుగ, ఇప్ప, వెదురు ఇందులో పెరుగుతాయి. అంటే జాంగల లక్షణం గల అడవి మధ్యలో చెరువు ఒడ్డు ఒక ఆనూప ఖండం. మార్గశిర, పుష్య మాసాలలో తెల్లవారుజామున నీటిమీద మంచు కమ్ముకుంటుంది. ఉబ్బసం, పడిశం, కీళ్ళ బిగుసుడు ఉన్నవారికి ఆ సమయంలో కట్టమీద నడక అపథ్యం. వారు ఎండ పొడుచుకున్న తరువాత నడవాలి, లేదా నీటికి దూరంగా అడవి లోపలి బసను ఎంచుకోవాలి. పైత్య తత్వం గలవారికి, వేడి చేసి కళ్ళు మండేవారికి మాత్రం ఇదే చెరువు గాలి హాయినిస్తుంది. చోటు ఒక్కటే, ఫలితం శరీర తత్వాన్ని బట్టి మారుతుంది.

ఇక కాలం. హేమంత, శిశిర ఋతువులలో జఠరాగ్ని బలంగా ఉంటుందని, వర్షఋతువులో మందగిస్తుందని శాస్త్రం చెబుతున్నది. అడవి విడిదికి కార్తికం నుంచి మాఘం వరకు అనుకూలమని అనుభవమూ చెబుతున్నది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్ళకొకసారి మాఘమాసంలో జరుగుతుంది. ఆ రోజులలో తాడ్వాయి దారి లక్షలాది భక్తులతో నిండిపోతుంది. జాతరకు వెళ్ళేవారు జాతరకే వెళ్ళాలి, విశ్రాంతి కోరేవారు వేరొక మాసం చూసుకోవాలి. వానాకాలపు ప్రయాణం ఎందుకు వద్దంటున్నామో 2024 ఆగస్టు 31న అందరికీ తెలిసివచ్చింది. ఆనాడు వీచిన పెనుగాలికి తాడ్వాయి - మేడారం మధ్య అడవిలో వందల ఎకరాల మేర చెట్లు నేలకొరిగాయి. వాటి సంఖ్య సుమారు 50 వేలని అటవీ అధికారులు అంచనా కట్టారు. అంతటి చెట్లే నిలువలేని గాలి అది!

అడవిలో ఉండటం వలన నిజంగా మేలు కలుగుతుందా అని హేతువాదులు అడుగవచ్చు. 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే అమెరికన్ పరిశోధకుడు పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్న 46 మంది రోగుల వివరాలను పరిశీలించాడు. కిటికీలోనుంచి చెట్లు కనిపించే గదిలో ఉన్నవారు, ఇటుక గోడ కనిపించే గదిలో ఉన్నవారికన్నా కాస్త ముందుగా ఇంటికి వెళ్ళారని, బలమైన నొప్పి మందుల అవసరం కూడా వారికి తక్కువగా కలిగిందని తేలింది. 1982లో జపాన్ అటవీశాఖ ‘వన స్నానం’ అనే అర్థం వచ్చే మాటను ప్రచారంలోకి తెచ్చింది. తరువాత అక్కడ జరిగిన పరిశోధనలలో అడవిలో నడిచినవారి రక్తపోటు కొంత తగ్గినట్లు గమనించారు. ఇవి చిన్న పరిశోధనలు. వీటిని చూసి రక్తపోటు మాత్రలు ఇంట్లో వదిలి అడవికి బయలుదేరరాదు. మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు తమ మందులను రెండు రోజులకు అదనంగానే వెంట తీసుకువెళ్ళాలి.

తినే తిండి, తాగే నీరు

అడవి బసలో స్థానికమైన భోజనం అడిగి చేయించుకోవడమే మేలు. జొన్న రొట్టె, గటక, అంబలి, పచ్చిపులుసు, ముద్దపప్పు, ఆకుకూర ఉంటే చాలు. పగలంతా నడిచిన శరీరానికి ఇవి బలాన్నిస్తాయి, రాత్రి నిద్రను చెడగొట్టవు. వరంగల్ ప్రాంతపు చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. రంగు ఘనమైనా కారం స్వల్పమైన రకమది. అయినా మన ఇళ్ళలో మిరపపొడి వేసే చేయి ఎంత ధారాళమైనదో తెలిసినదే గనుక, అమ్లపిత్తం ఉన్నవారు వంటవారికి ముందే చెప్పి ఉంచాలి.

రాత్రి భోజనం పొద్దుగూకిన గంటలోపు ముగించడం ఉత్తమం. ప్రయాణంలో కడుపు తిప్పేవారికి చిన్న అల్లం ముక్క బెల్లంతో నమలడం పనిచేస్తుంది. అజీర్ణానికి చిటికెడు వాము, రెండు ఉప్పు కణికలు నమిలి వేడినీరు తాగితే చాలు. మార్పు వలన మలబద్ధం కలిగితే పడుకునే ముందు అర చెంచా త్రిఫల చూర్ణం గోరువెచ్చని నీటితో తీసుకోవాలి. గర్భిణులు మాత్రం వైద్యుని అడగకుండా దీనిని వాడరాదు. విరేచనాలు పట్టుకుంటే, ముఖ్యంగా పిల్లలకు, లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి.

నీటి విషయంలో పెద్దలు వాడిన చిల్లగింజను ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో చూడవచ్చు. సంస్కృతంలో దీనిని కతకమంటారు. గింజను కుండ లోపలి అంచున అరగదీసి బురద నీరు పోస్తే, మలినం అడుగుకు దిగి నీరు తేటపడుతుంది. గింజలోని పదార్థం బురద రేణువులను ఒకటిగా చేర్చి బరువెక్కించడమే ఇందుకు కారణం. అయితే తేటపడిన నీరు శుద్ధమైన నీరని పొరబడరాదు. కంటికి కనిపించని క్రిములు అందులోనే ఉంటాయి. తేర్చిన తరువాత మరిగించాలి. ఇంకొక హెచ్చరిక: ఇదే జాతికి చెందిన ముష్టి గింజ ఘోరమైన విషం. చిల్లగింజ చిన్నదిగా, గుండ్రంగా ఉంటుంది, ముష్టి గింజ పెద్దదిగా, బిళ్ళవలె చదునుగా ఉంటుంది. స్వయంగా ఎరగనివారు అడవిలో ఏరిన గింజతో ఈ ప్రయోగానికి దిగరాదు. పిల్లలు ఎర్రని గురిగింజలను జేబులలో నింపుకుంటారు. కొరికి మింగితే అదీ ప్రాణాంతకమే.

కోయకూడని ఓషధులు

ఈ పత్రిక చదివేవారికి అడవిలో అడుగుపెట్టగానే చేతులు ఊరుకోవు. కరక్కాయ, తానికాయ, ఉసిరిక అనే త్రిఫలాలు మూడూ ఈ అడవిలో చెట్టుమీదనే కనిపిస్తాయి. వాగుల ఒడ్డున తెల్లమద్ది బెరడు పలకలు పలకలుగా ఊడి వేలాడుతుంది. ‘గుండెకు మంచిదట, ఒక ముక్క తీసుకుందాం’ అనిపించడం సహజం. కాని అభయారణ్యంనుంచి అనుమతి లేకుండా వృక్షసంపదను తీసుకుపోవడం నేరం. బెరడు చుట్టూ వలిచిన చెట్టు ఎండిపోతుంది. తపసి చెట్టుకు లోతుగా గాట్లు పెట్టి బంక తీసినందువలన ఎన్నో చోట్ల ఆ చెట్లు చచ్చిపోయాయి. మన ఒక్క ముక్క వలన ఏమవుతుందని ప్రతి అతిథీ అనుకుంటే దారి పక్క చెట్లకు బెరడు మిగలదు.

అక్కడి కోయ కుటుంబాల సంగతి వేరు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వారికి చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని సేకరించుకునే హక్కును గుర్తించింది. వేసవి ప్రవేశించే వేళ రాలే ఇప్పపువ్వు వారికి ఆహారం, ఆదాయం కూడా. ఎలుగుబంట్లకూ అది ప్రీతికరమే గనుక ఆ రోజులలో తెల్లవారుజామున ఇప్పచెట్ల క్రిందికి ఒంటరిగా పోరాదు. తేనె, చారపప్పు, కరక్కాయ కావలసినవారు గిరిజన సహకార సంస్థ అమ్మకపు శాలలలో కొనుక్కోవచ్చు.

గొల్లవారు, మేకల కాపరులు, వనవాసులు ఓషధుల పేర్లను, రూపాలను ఎరుగుదురని చరకుడు సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే చెప్పాడు. ఆ వెంటనే, పేరు రూపం తెలిసినంత మాత్రాన ప్రయోగం తెలిసినట్లు కాదనీ హెచ్చరించాడు. గూడెంలో ఎవరైనా చెట్టును చూపితే గౌరవంగా విని నేర్చుకుందాం. ఏ రోగానికి ఎంత మోతాదు అన్నది మాత్రం చదువుకున్న వైద్యునే అడుగుదాం.

రాత్రి జాగ్రత్తలు

నేలమీద చాప పరచుకుని పడుకోవడం ఇంట్లో ఆరోగ్యకరమే కావచ్చు, అడవి బసలో అది పనికిరాదు. కట్లపాము రాత్రివేళ సంచరిస్తుంది. నేలమీద నిద్రించేవారిని కాటువేస్తుంది. ఆ కాటు నొప్పి లేకుండా, దోమ కుట్టినంత స్వల్పంగా ఉండి, నిద్రలోనే ప్రాణం తీయవచ్చు. మంచం మీద, అంచులు పరుపు క్రిందికి దోపిన దోమతెరలో పడుకోవాలి. రాత్రి బయటకు వెళ్ళేటప్పుడు టార్చిలైటు, కాళ్ళకు చెప్పులు తప్పనిసరి. ఉదయం బూట్లు దులిపి తొడుక్కోవాలి. పాకాల చెరువులో మొసళ్ళున్నాయి. స్నానానికి, ఈతకు, కాళ్ళు కడుక్కోవడానికి కూడా ఆ నీటిలోకి దిగరాదు.

పాముకాటు విషయంలో గృహవైద్యానికి తావు లేదు. మన దేశంలో 2000 - 2019 మధ్య ఏటా సగటున 58 వేలమంది పాముకాటుతో మరణించినట్లు పరిశోధకులు లెక్కగట్టారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటి విషానికీ ఆసుపత్రిలో విరుగుడు సూది ఉంది. కాటు వేసిన చోట కోయడం, నోటితో పీల్చడం, త్రాడుతో బిగించడం చేయరాదు. కాటుపడిన అవయవాన్ని కదలకుండా ఉంచి, ధైర్యం చెప్పి, 108కి ఫోను చేసి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పాముకాటుకని పల్లెలలో ఈశ్వరి వేరు అరగదీసి తాగించే వాడుక ఉంది. ఈ మొక్కలోని ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుందని, క్యాన్సరుకు కారణమవుతుందని నేడు రుజువైంది. విషం దిగకపోగా కొత్త విషం చేరుతుంది. బసలో దిగగానే, దగ్గరి ఆసుపత్రి ఏది, విరుగుడు సూది అక్కడ ఉన్నదా, రాత్రివేళ బండి దొరుకుతుందా అన్న మూడు ప్రశ్నలను అక్కడి సిబ్బందిని అడగాలి.

దోమలకు వేపాకు పొగ, సాంబ్రాణి పొగ మనకు అలవాటే. కొంతసేపు దోమలు తొలగుతాయి, కాని ఆ పొగ ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు హాని చేస్తుంది, తెల్లవారేదాకా కాపాడదు. సాయంకాలం నుంచి నిండు చేతుల చొక్కా, రాత్రి దోమతెర ఉంటే పొగ అవసరమే రాదు.

తిరిగి వచ్చిన తరువాత

అసలైన జాగ్రత్త ఇంటికి చేరాక మొదలవుతుంది. అడవి ప్రాంతాలలో ప్రమాదకరమైన మలేరియా రకం ఎక్కువ. దోమ కుట్టిన వారం తరువాత, ఒక్కొక్కప్పుడు నెల గడచిన తరువాత కూడా జ్వరం రావచ్చు. అప్పటికి విడిది సంగతి అందరూ మరచిపోయి ఉంటారు. పిల్లవానికి చలితో జ్వరం వస్తే వానలో తడిశాడని తులసి కషాయం, మిరియాల కషాయం ఇస్తూ మూడు రోజులు గడిపేస్తారు. ఆ మూడు రోజులలోనే రోగం మెదడుకు పాకే ప్రమాదం ఉంది. కషాయం గొంతుకు హాయినిస్తుంది గాని మలేరియా క్రిమిని చంపదు. మొదటి రోజే రక్తపరీక్ష చేయించాలి.

మలేరియా మందులలో నేడు ప్రధానమైన ఆర్టెమిసినిన్ కూడా ఒక మొక్కనుంచి వచ్చినదే. ప్రాచీన చైనా వైద్యగ్రంథాల ఆధారంతో దానిని వెలికితీసిన శాస్త్రవేత్త టూ యూయూకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. ఆ మొక్కను ఎలా తీయాలి, ఎంత మోతాదులో ఇవ్వాలి అని ఏళ్ళ తరబడి పరీక్షించిన తరువాతనే అది మందుగా నిలిచింది. మన పెరటి మొక్కను అదే చూపుతో నమ్మి జ్వరాన్ని ఇంట్లో దాచిపెట్టుకోవడం సరికాదు.

మలేరియా లేదని తేలినా జ్వరం తగ్గకపోతే, చంకలలో, గజ్జలలో, నడుము మడతలలో నల్లని చెక్కు కట్టిన చిన్న పుండు ఏదైనా ఉన్నదేమో వెదకాలి. పొదలలోని కంటికి ఆనని పురుగు కుట్టడం వలన వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి అది గుర్తు. సకాలంలో గుర్తిస్తే సులువైన మాత్రలతోనే నయమవుతుంది. అడవినుంచి వచ్చిన నెల రోజులలోపు ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, వైద్యుడు అడిగినా అడగకపోయినా, ఫలానా తేదీన ఫలానా అడవిలో రెండు రాత్రులు బస చేశామని ముందుగా చెప్పండి.